‘వనజ’ అడివిల పుట్టిందా, నీళ్లల్లనా? (మాట్లాడేటోళ్లను వాళ్ల ఊరి పేర్లతోనే రాసినం.)

ములుగు: మేడారంల సమ్మక్క సారలమ్మలను వనదేవతలంటం. వనమంటే అడివే గదా. మరి ‘వనజ’ అన్న ఆడపిల్ల పేరుకు తామరపువ్వని అర్థం ఎట్లొచ్చింది?

హన్మకొండ: వనమంటే నీళ్లు కూడా. సంస్కృత నిఘంటువు అమరకోశం నీటి పేర్లు వరుస పెడుతూ ‘పయః కీలాలమమృతం జీవనం భువనం వనమ్’ అంటది. సముద్రం ‘వనధి’ అయింది అందుకే. ఇక ‘జ’ అంటే పుట్టినది: జన్ ధాతువు మీద డ ప్రత్యయం, పాణిని సూత్రం 3.2.97. జలజ, అంబుజ, వారిజ అన్నీ ఇదే మూస. పువ్వుకు సంస్కృతంలో నపుంసకలింగం, అది మనకు ‘వనజము’. పిల్ల పేరుకు స్త్రీలింగం ‘వనజా’; తెలుగులోకి వస్తే చివరి దీర్ఘం పోతది, రమా రమ అయినట్టు.

జనగామ: మన బమ్మెర పోతన ఏమన్నడు? ‘నీరాట వనాటములకుఁ బోరాటం బెట్లు గలిగె’. నీరాటం మొసలి, వనాటం ఏనుగు. వనమంటే నీళ్లయితే ఆ పద్యమే నిలబడదు.

హన్మకొండ: నిజమే సార్, అక్కడ అడివే. రెండర్థాల మాటను సమాసం చూసే తేల్చుకోవాలె. ‘వనజ’కు అడివిలో పుట్టినదనే అర్థం కూడా నిఘంటువుల్లో ఉంది, ఏనుగును వనజమనొచ్చు. పేరులో ఉన్నదేదో తెలియాలంటే దానికి కన్ను (అక్షి) అతికించి చూడండి: వనజాక్షి. అడివిలో పుట్టినదాని వంటి కండ్లంటే ఎవరైనా నవ్వుతరు, తామర కండ్లంటే సరిగ్గా కుదురుతది. ఇక్కడి పద్మాక్షి గుట్ట అమ్మవారి పేరుకు అర్థం కూడా అదే. విష్ణువు బొడ్డుతామరలో పుట్టిన బ్రహ్మ ‘వనజభవుడు’.

పరకాల: మరి సరోజ, సరసిజ ఒకటేనా?

హన్మకొండ: అర్థం ఒకటే, మాట కట్టిన తీరు వేరు. సరస్ + జ విసర్గసంధితో సరోజ అయింది. సరసిజలో ‘సరసి’ అంటే సరస్సులో అని. సప్తమీ విభక్తి రాలిపోకుండా నిలిచిన అలుక్ సమాసం. అసలు చిక్కు నీరజతోని. నీరంలో పుట్టినది ఒక దారి. నిర్ + రజస్ రెండో దారి: ఒక రేఫ (ర్) పోయి ముందున్న ఇకారం దీర్ఘమైతది, ‘నీరోగం’లో లెక్క. అప్పుడు నీరజ అంటే ధూళి లేనిది, తామరతో పనే లేదు.