డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వారానికోసారి వస్తోంది, కంపెనీ చూస్తే దేశంలోనే లేదు. ఉంచుకోవాలా, అమ్మేయాలా?

చీమకుర్తి రోడ్డు:
కారు 2020 మోడల్ బీఎస్6, 1.5 డీజిల్, మాన్యువల్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది, ఇప్పటికి 68,000 కిలోమీటర్లు తిరిగింది. తయారుచేసిన కంపెనీ మన దేశంలో కార్లు చేయడం ఆపేసింది. వాడకం ఎక్కువగా ఒంగోలు టౌన్‌లోనే, వారంలో రెండు మూడు రోజులు చీమకుర్తి దాకా. డీపీఎఫ్ లైటు మొదట్లో నెలకోసారి వచ్చేది, ఇప్పుడు వారానికోసారి. మైలేజీ 19 నుంచి 15కి పడింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఇంజన్ ఆయిలు పై గీత దాటి ఉంది, పైగా డీజిల్ వాసన. ఎవరూ ఆయిలు పోయలేదు.
ఒక మెకానిక్ డీపీఎఫ్ లోపలి జల్లెడ పగలగొట్టి ఈసీయూలో (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూన్ చేస్తే లైటు మళ్లీ రాదంటున్నాడు. ఇంకొకరు ఫిల్టర్ మొత్తం మార్చాలి, లక్ష దాటుతుందంటున్నారు. ఏది చేయాలి? స్పేర్లు దొరకవని భయపడి ఇప్పుడే అమ్మేయడం మంచిదా?

ఆటోనగర్ స్కానర్:
అన్నా, ముందు ఆ ఆయిలు సంగతి చూడండి. ఫిల్టర్ గురించి తర్వాత ఆలోచిద్దాం.

డీపీఎఫ్‌లో మసి నిండగానే దాన్ని కాల్చడానికి ఈసీయూ సిలిండర్‌లోకి ఆలస్యంగా ఇంకాస్త డీజిల్ కొడుతుంది. ఆ డీజిల్ పొగగొట్టంలోకి వెళ్లి క్యాటలిస్ట్ దగ్గర మండితే డీపీఎఫ్‌లో వేడి 600 డిగ్రీల దాకా పోతుంది, మసి బూడిదవుతుంది. దీన్నే రీజెన్ అంటాం. ఇది పూర్తికాకముందే మీరు ఇంజన్ ఆపేస్తే మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ప్రతిసారీ కొంత డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే ఎవరూ పోయకుండానే మట్టం పెరిగింది. పల్చబడ్డ ఆయిలు ముందుగా టర్బో బేరింగును, తర్వాత క్రాంక్ బేరింగులను తినేస్తుంది. మట్టం మరీ పెరిగితే ఆ ఆయిలునే ఇంజన్ లోపలికి పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా పరిగెత్తే ప్రమాదం ఉంది. కాబట్టి ఆయిలు, ఆయిల్ ఫిల్టర్ మార్చకుండా రీజెన్ చేయించొద్దు, హైవే ఎక్కొద్దు.

కొత్త ఆయిలు బకెట్‌లోంచి పోసే 15డబ్ల్యూ-40 కాకూడదు. మాన్యువల్‌లో రాసిన 5డబ్ల్యూ-30 గ్రేడే, డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) సీ2 లేదా సీ3 అని ఉండాలి, మీ మాన్యువల్ ఏది అడిగితే అది. మామూలు డీజిల్ ఆయిల్‌లోని అడిటివ్‌లు కాలితే బూడిద ఎక్కువగా మిగులుతుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

ఇక స్కానర్ పెట్టి ఈ వరుసలో చూడమనండి:

1. ఇగ్నిషన్ ఆన్, ఇంజన్ ఆఫ్. డిఫరెన్షియల్ ప్రెషర్ (ఫిల్టర్‌కు ముందు, వెనక ఉన్న ఒత్తిడి తేడా) సున్నా దగ్గర ఉండాలి. లేకపోతే సెన్సార్ తప్పు చెప్తోంది.
2. ఆ సెన్సార్‌కు వెళ్లే రెండు సన్న రబ్బరు పైపులు. వేడికి చీలుతాయి, మసితో పూడుకుంటాయి. ఏ పైపు పోయిందన్న దాన్నిబట్టి రీడింగు ఉన్నదానికన్నా ఎక్కువో తక్కువో వస్తుంది. రెండు పైపుల ఖర్చుతో పోయేదానికి డీపీఎఫ్ మార్చినవాళ్లు ఉన్నారు.
3. కూలెంట్ వేడి. హైవే మీద పావుగంట నడిచాక కూడా 80 దాటకపోతే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వ్) తెరుచుకునే ఉండిపోయినట్టు. ఇంజన్ వేడెక్కకపోతే రీజెన్ సరిగా మొదలవదు, మొదలైనా పూర్తికాదు.
4. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్), గ్లోప్లగ్ (చల్లటి ఇంజన్‌ను వేడిచేసే ప్లగ్) తప్పు కోడ్‌లేమైనా ఉన్నాయా? చాలా కార్లలో ఇవి ఉంటే ఈసీయూ రీజెన్‌ను ఆపేస్తుంది. ట్యాంకులో డీజిల్ రిజర్వ్‌లో ఉన్నా అంతే.

ఇవన్నీ సరిగ్గా ఉండి లైటు నిలకడగా వెలుగుతుంటే (మినుకు మినుకుమనకుండా) టంగుటూరు టోల్ దాటాక నాలుగో గేరులో 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య పెట్టి, కావలి వైపు ఆపకుండా అరగంట నడపండి. టోల్‌కు ముందు మొదలుపెడితే అక్కడే తెగిపోతుంది. లైటు మినుకుమంటున్నా, బండి లింప్ మోడ్‌లోకి (ఇంజన్ తనే శక్తి తగ్గించుకునే స్థితి) వెళ్లినా ఈ పద్ధతి వద్దు, స్కానర్‌తో నిలబెట్టే చేయించాలి. అది కూడా సిమెంటు నేల మీద. ఎండుగడ్డి మీద నిలబెట్టి చేస్తే నిప్పంటుకుంటుంది.

రీజెన్ పూర్తయ్యాక కూడా ప్రెషర్ తగ్గకపోతే అది బూడిద. అప్పుడు ఫిల్టర్ విప్పి బయట క్లీన్ చేయించాలి. 68,000కే బూడిద నిండిందంటే మాత్రం పాత ఓనర్ ఏ ఆయిలు పోయించాడో అనుమానించాలి.

కామన్‌రైల్ కావలి:
పైన చెప్పినదంతా నిజమే. దానికి తోడు, మసి ఇంత ఎక్కువగా ఎందుకు పుడుతోందన్నది కూడా చూడాలి, లేకపోతే ఫిల్టర్ ఎన్నిసార్లు శుభ్రం చేసినా ఇదే కథ.

చీమకుర్తి రోడ్డంటే గ్రానైట్ దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ బాక్సు విప్పి మూత అంచు రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి, ఫిల్టర్ 10,000కే మార్చండి. గాలి తగ్గితే నేరుగా మసి పెరుగుతుంది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే పైపు మీద తడి ఆయిలు మరక కనిపిస్తే అక్కడ చీలిక ఉండొచ్చు.

తర్వాత ఇంజెక్టర్లు. నాలుగింటి రిటర్న్ పైపులూ (మిగిలిన డీజిల్ ట్యాంకు వైపు వెనక్కి పోయేవి) తీసి నాలుగు సీసాల్లో పెట్టి ఇంజన్ ఐడిల్‌లో నడపండి. ఒక సీసా మిగతావాటికన్నా బాగా ముందు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది. కొత్తది వేస్తే దాని మీద ఉన్న కోడ్‌ను ఈసీయూలో ఎక్కించాలి, ఊరికే బిగించి పంపితే ఇంజన్ కొట్టుకుంటుంది, పొగ వస్తుంది. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు బయటికి వదలడం కూడా మర్చిపోవద్దు. వెయ్యి బార్ దాటిన ప్రెషర్‌లో పనిచేసే పంపు పాడవడానికి చుక్క నీరు చాలు.

జల్లెడ పగలగొట్టడం గురించి నా మాట గట్టిగానే చెప్తాను: చేయించొద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను మార్చడం నేరం. ఆ మసి మన పిల్లలు నడిచే రోడ్డు మీదకే వస్తుంది. పైగా జబ్బు థర్మోస్టాట్‌లోనో ఇంజెక్టర్‌లోనో ఉంటే అది అలాగే ఉండిపోతుంది, చెప్పే లైటు మాత్రం ఆరిపోతుంది.

సింగరాయకొండ:
కంపెనీ వెళ్లిపోవడం గురించి. మీరు పేరు రాయలేదు, అవసరం లేదు. షెవర్లే 2017 చివర్లో అమ్మకాలు ఆపింది, ఫియట్ కార్లు తర్వాత కనుమరుగయ్యాయి, ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపుతున్నట్టు 2021 సెప్టెంబరు 9న ప్రకటించింది. ఈ మూడింటికీ డీజిల్‌తో సంబంధం ఉంది గానీ, డీజిల్ చెడ్డదవడం వల్ల మునిగిపోలేదు. ఫోర్డ్‌నే తీసుకోండి. మరైమలైనగర్, సనంద్ రెండు ఫ్యాక్టరీలకూ కలిపి ఏటా 4 లక్షలకు పైగా కార్లు చేసే శక్తి ఉండేది, ఇక్కడ అమ్ముడైనవి అందులో కొద్ది భాగం. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు మించిన నష్టం చూపించి తప్పుకుంది. 2012 ప్రాంతంలో దేశంలో అమ్మే కార్లలో సగానికి పైగా డీజిలే. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశాక పెట్రోలుతో తేడా తగ్గింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధన వచ్చి ప్రతి డీజిల్ కారుకూ ఈ ఫిల్టర్ల ఖర్చు తోడైంది. మారుతి అంతటి కంపెనీయే ఆ రోజు నుంచి డీజిల్ మానేసింది. తక్కువ కార్లు అమ్మే కంపెనీకి ఆ ఖర్చు ఇంకా బరువు.

స్పేర్ల విషయానికొస్తే, ఇంజెక్టర్లు, సెన్సార్లు, టర్బోలు కారు కంపెనీ చేసేవి కావు, వాటిని చేసే కంపెనీలు వేరు. భాగం మీద చెక్కిన నంబరు ఫోటో తీసి చెన్నైలో అడిగితే దొరుకుతాయి. కష్టమల్లా బంపర్లు, హెడ్‌లైట్లు, అద్దాలు, లోపలి ప్లాస్టిక్. ఢీకొట్టుకుంటే ఆలస్యమవుతుంది. రీసేల్ ధర పడాల్సింది ఎప్పుడో పడిపోయింది, కాబట్టి కంపెనీ లేదన్న ఒక్క కారణానికి అమ్మొద్దు. మీ తిరుగుడు చూసి నిర్ణయించుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్ల లోపు, అదీ టౌన్‌లోనే అయితే ఏ కంపెనీ బీఎస్6 డీజిలైనా మీకు ఇదే పేచీ పెడుతుంది, పెట్రోలే నయం. నెల్లూరు, చెన్నై తరచూ వెళ్లొచ్చే పని ఉంటే ఉంచుకోండి.

చీమకుర్తి రోడ్డు:
అందరికీ థ్యాంక్స్. స్కానర్ పెట్టించాను. ప్రెషర్ సెన్సార్ సున్నా చూపిస్తోంది, పైపులు బాగున్నాయి, కోడ్‌లు లేవు. కూలెంట్ మాత్రం చీమకుర్తి చేరేదాకా 71 దాటలేదు, ఈ ఎండల్లో కూడా. మీటరులో ముల్లు మధ్యలోనే ఉంది. నెలకు 1,500 దాకా తిరుగుతాను.

ఆటోనగర్ స్కానర్:
దొరికిందన్నా. మీటరులో ముల్లు చాలా విస్తృతమైన వేడికి మధ్యలోనే నిలబడేలా పెడతారు, దాన్ని నమ్మొద్దు. థర్మోస్టాట్ మార్చండి, హౌసింగ్‌తో కలిపి వచ్చేదైతే హౌసింగ్‌తోనే. కూలెంట్ కాన్సంట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి, బోరు నీళ్లు అసలు పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది. కూలెంట్ పైపుల్లోని గాలి పూర్తిగా తీయించండి. తర్వాత ఆయిలు మార్చి, వేడి 85 నుంచి 90 మధ్య నిలుస్తోందని స్కానర్‌లో చూసుకుని, అప్పుడు కావలి రోడ్డెక్కండి. రీజెన్ అయ్యాక డిప్‌స్టిక్ మట్టాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూసి, పెరిగి ఉంటే కావలి అన్న చెప్పిన సీసాల పరీక్ష చేయించండి.