జిమ్ రీవ్స్ క్రిస్మస్ పాటల కలెక్షన్లలో ఏది కొనాలి?

సికింద్రాబాద్_శ్రోత:
డిసెంబరు వస్తే మా నాన్నగారికి జిమ్ రీవ్స్ (అమెరికా పల్లె బాణీ 'కంట్రీ' పాటల గాయకుడు) వినపడాల్సిందే. పాత క్యాసెట్ పాడైంది. ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కో కవర్ మీద ఒక్కో పేరు, ఒకదాంట్లో పన్నెండు పాటలు, ఇంకోదాంట్లో ఇరవై దాకా. ఏది తీసుకోవాలండీ?

పాత_రికార్డు:
కవర్ చూసి టెన్షన్ పడకండి. ఆయన చేసిన క్రిస్మస్ ఆల్బమ్ ఒక్కటే, 'ట్వెల్వ్ సాంగ్స్ ఆఫ్ క్రిస్మస్'. 1963లో ఆర్‌సీఏ విక్టర్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసింది. మరుసటి ఏడాది జులై 31న, కంట్రీ పాటలకి కేంద్రమైన అమెరికా నగరం నాష్‌విల్ దగ్గర, తానే నడుపుతున్న చిన్న విమానం కూలి చనిపోయాడు. రెండోది చేసే టైమ్ ఎక్కడ దొరికింది? అందుకని ఏ కలెక్షన్ తెరిచినా ఉండేవి ఆ పన్నెండే. పన్నెండుకి మించి కనపడేవి 'వీ థ్యాంక్ దీ' (1962) లాంటి భక్తి ఆల్బమ్‌ల నుంచి తెచ్చి కలిపినవి.

గుంటూరు_క్వయర్:
ఆ కలిపినవి కూడా బాగుంటాయి, వద్దనకండి. మా సండే స్కూల్‌లో మాత్రం 'సి-హెచ్-ఆర్-ఐ-ఎస్-టి-ఎమ్-ఎ-ఎస్' పాటే హిట్టు. ఒక్కో పిల్లకి ఒక్కో అక్షరం అట్ట ఇచ్చి వరసగా నిలబెట్టాం. మొదటి 'ఎస్' నక్షత్రానికి, చివరి 'ఎస్' గొర్రెల కాపరులకి. ఆ ఇద్దరు పిల్లలూ స్టేజీ మీద చోటు మార్చుకున్నారు, చూసేవాళ్లకి ఏమీ తెలియలేదు! ఈ పాట రాసినవాళ్లలో ఎడ్డీ ఆర్నాల్డ్ కూడా ఒకడు. ఆయనా కంట్రీ గాయకుడే.

ఫిడేలు_పిచ్చోడు:
కోపం తెచ్చుకోకండి గానీ, ఇందులో కంట్రీ ఎక్కడుంది? ఫిడేలు లేదు, బాంజో లేదు, అంతా మెత్తమెత్తగా. 'బ్లూ క్రిస్మస్' ఎల్విస్ పాడింది (1957) వినండి, అందులో కాస్త పొగరుంటుంది. నా ఓటు కంట్రీ గాయకులు డాలీ పార్టన్, కెన్నీ రోజర్స్ కలిసి చేసిన 'వన్స్ అపాన్ ఎ క్రిస్మస్' (1984)కే.

పాత_రికార్డు:
బ్రో, ఆ మెత్తదనం కావాలని చేసిందే. చెట్ ఆట్కిన్స్ లాంటి రికార్డు నిర్మాతలు ఫిడేలు తగ్గించి, వెనకాల కోరస్ పెట్టి పట్నం శ్రోతల్ని పట్టుకున్నారు. దాన్నే నాష్‌విల్ సౌండ్ అన్నారు. రీవ్స్ అయితే 'ఫోర్ వాల్స్' (1957) నాటి నుంచే మైక్‌కి పెదాలు తగిలేంత దగ్గరగా నిలబడి, గొంతు పెంచకుండా పాడేవాడు. ఇంగ్లిష్ అంతగా రాని మన పెద్దవాళ్లకి కూడా ప్రతి మాటా విడివిడిగా వినపడేది అందుకే.

డల్లాస్_వదిన:
నిజం. రీవ్స్ మా టెక్సస్‌వాడే, అయినా ఇక్కడ డల్లాస్‌లో నా ఆఫీసులో కుర్రాళ్లకి పేరే తెలియదు. మన చర్చివాళ్లు కలిస్తే మాత్రం అందరికీ 'మేరీస్ లిటిల్ బాయ్ చైల్డ్' కంఠతా వచ్చు. బ్లూటూత్ స్పీకర్‌లో పెడితే బేస్ తగ్గించండి, లేకపోతే ఆ గొంతు గుంయ్‌మంటుంది.

సికింద్రాబాద్_శ్రోత:
థ్యాంక్సండీ. పన్నెండు పాటలదే ఆర్డర్ పెట్టేశా. 'సెన్యోర్ శాంటా క్లాజ్' ఉందో లేదో ముందే చూసుకున్నా, అది లేకపోతే ఇంట్లో గొడవే. సీడీ ప్లేయర్ పనిచేసేది ఎక్కడైనా దొరుకుతుందా ఇప్పుడు?

గుంటూరు_క్వయర్:
సీడీ ఎందుకండీ, పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టండి. నాన్నగారికి రిమోట్ వచ్చు కదా?