ఊబకాయం స్టడీకి విస్టార్ ఎలుకలా, ఎన్ఐఎన్ లావు ఎలుకలా?

ప్రశ్న (ఎం.ఫార్మ్ విద్యార్థిని, గుంటూరు)
నా ప్రాజెక్టు మెంతి సారం మీద. బరువు, షుగర్ రెండూ చూడాలి. విస్టార్ ఎలుకలకు (ల్యాబుల్లో మామూలుగా వాడే తెల్ల ఎలుకలు) కొవ్వు మేత పెట్టి లావెక్కించమని గైడ్ గారు అంటున్నారు. ఒక సీనియర్ మాత్రం హైదరాబాద్ ఎన్ఐఎన్‌లో (జాతీయ పోషకాహార సంస్థ) వాటంతటవే లావయ్యే ఎలుకలున్నాయి, అవి తెచ్చుకో అంటున్నారు. ఏది నయమండీ?

జవాబు 1
టైమ్ తక్కువుంటే విస్టారే. తేలిగ్గా దొరుకుతాయి, ఖర్చూ తక్కువ.

జవాబు 2 (యానిమల్ హౌస్‌లో పనిచేసి రిటైరయ్యాను)
అమ్మా, ముందు నీ ప్రశ్న ఏమిటో తేల్చుకో. తిండివల్ల వచ్చే లావు మీద మెంతి పని చూడాలంటే మీ గైడ్ గారి మాటే సరి. ఎన్ఐఎన్ ఎలుకల లావు జన్యువుది. 1920 నుంచి సాకుతున్న వాళ్ల విస్టార్ మందలో 1996లో దానంతటదే బయటపడింది. అందులో రెండు రకాలు. డబ్ల్యూఎన్ఐఎన్/ఒబి లావే గానీ రక్తంలో చక్కెర మామూలుగా ఉంటుంది. చక్కెర కూడా చూడాలంటే గ్లూకోజ్‌ను తట్టుకోలేని డబ్ల్యూఎన్ఐఎన్/జీఆర్-ఒబి అడగాలి. ఈ తేడా తెలియక మొదటి రకం తెచ్చుకుంటే సగం ప్రాజెక్టు వృథా. ఇంకో సంగతి: లావు ఎలుకలకు పిల్లలు పుట్టవు. క్యారియర్లను, అంటే లావు జన్యువు ఒక్క ప్రతే ఉన్నవాటిని, జతకట్టిస్తారు, ఈతలో సగటున నాలుగో వంతే లావువి వస్తాయి. పైగా పుట్టగానే ఏది ఏదో చూసి చెప్పలేం. ఒకే వయసు మగవి గ్రూపుకి ఆరు కావాలన్నా చాలా ఈతలు పడతాయి. కాబట్టి చాలా ముందే అడిగి పెట్టుకోవాలి.

అడిగినవారు
సార్, కంట్రోల్‌గా, అంటే పోల్చి చూసే గ్రూపుగా, మా కాలేజీ విస్టార్లు పెట్టుకోవచ్చా?

జవాబు 2
వద్దమ్మా, దయచేసి వద్దు. ఆ మంద వేరు, ఈ మంద వేరు. అదే ఈతలో పుట్టిన సన్న ఎలుకలే కంట్రోల్. అప్పుడే కనబడ్డ తేడా లావు జన్యువుదని గట్టిగా అనగలం. ఎంతో ఓపికగా డోసింగ్ చేసిన పిల్లలు వైవాలో ఈ ఒక్క ప్రశ్న దగ్గర నీళ్లు నమలడం చూశాను, బాధేసింది. ఎథిక్స్ కమిటీ ఫారంలోనూ ఉత్త ‘విస్టార్’ అని రాయకు. స్ట్రెయిన్ (ఎలుక రకం) పూర్తి పేరు, ఎక్కడి నుంచి తెచ్చావో, వయసు, ఆడో మగో, అన్నీ రాయి. అవే వివరాలు థీసిస్ మెథడ్స్‌లోనూ ఉండాలి.