నేల సారం తగ్గినందువల్లే బియ్యంలో బలం తగ్గిందా?

విజయవాడ సభ్యురాలు:
బియ్యం మూట విప్పిన ప్రతిసారీ మా అత్తగారు "ఈ బియ్యంలో బలం లేదమ్మా, ఎరువులు పోసి పోసి నేలను చంపేశారు" అంటారు. ఆ మాట నమ్మి, ఏడాదిగా ప్రకృతి వ్యవసాయంలో పండించిన బియ్యాన్ని ఎక్కువ ధర పెట్టి కొంటున్నాను. మా పాపకు రక్తహీనత ఉందని వైద్యులు చెప్పినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. నేల బాగుపడితే గింజలో ఇనుము, జింకు నిజంగా పెరుగుతాయా?

నంద్యాల సభ్యుడు:
మీ అత్తగారి మాటను తేలిగ్గా తీసివేయకండి. మొక్క విటమిన్లను తానే తయారుచేసుకోగలదు గాని జింకు, సెలీనియం వంటి ఖనిజాలను తయారుచేసుకోలేదు. అవి నేలలో ఉంటేనే, అదీ వేరుకు అందే రూపంలో ఉంటేనే, గింజలోకి చేరతాయి. ఫిన్లాండ్ నేలల్లో పంటకు అందే సెలీనియం చాలా తక్కువ. 1980ల మధ్యలో ఆ దేశం ఎరువుల్లో సెలీనియం కలపడం మొదలుపెట్టాక గోధుమలోనే కాక పాలలో, మాంసంలో, చివరికి మనుషుల రక్తంలో కూడా అది పెరిగింది. నేలకూ కంచానికీ సంబంధం ఉందనడానికి ఇంతకన్నా ఏం చూపాలి? మన దేశంలో పరీక్షించిన మట్టి నమూనాల్లో మూడో వంతుకు పైగా జింకు లోపం ఉన్నవే. పెంట ఎరువు తోలడం మానేసి యూరియా, డీఏపీలతోనే ఏళ్ల తరబడి నెట్టుకొస్తే నేల మరెలా ఉంటుంది?

రాజేంద్రనగర్ సభ్యుడు:
ఫిన్లాండ్ సంగతి నిజమే, కాని అక్కడ లోటు తీర్చింది ఎరువు బస్తాయే అన్నది మరవకూడదు. బియ్యం, గోధుమల విషయంలో నేలకన్నా విత్తనం వైపే ఎక్కువ సాక్ష్యం ఉందని నా అభిప్రాయం. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తూ, గింజనూ మట్టినీ భద్రపరుస్తూ వస్తున్నారు. ఆ పాత గింజలను పరీక్షించినప్పుడు, జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియం 1960ల మధ్య వరకు నిలకడగా ఉండి, ఎక్కువ దిగుబడినిచ్చే పొట్టి గోధుమ రకాలు వచ్చాక తగ్గినట్లు తేలింది. ఆ పొలం మట్టిలో మాత్రం అవి తగ్గలేదు. ఏ ఎరువూ వేయని మళ్లలోనూ, రసాయన ఎరువు వేసిన మళ్లలోనూ, పశువుల ఎరువు వేసిన మళ్లలోనూ గింజలో తగ్గుదల ఒకే తీరుగా కనిపించింది. సేంద్రియ ఎరువు ఒక్కటే సమాధానమనేవారు ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి.

మన శాస్త్రవేత్తలు కూడా, 1960ల నుంచి విడుదలైన వరి రకాలను కుండీల్లో ఒకే తీరుగా పెంచి చూసి, 2021లో ఫలితాలు ప్రకటించారు. 1960ల రకాల్లో కిలో బియ్యానికి 27.1 మిల్లీగ్రాములున్న జింకు 2000ల రకాల్లో 20.6కు, ఇనుము 59.8 నుంచి 43.1కి దిగాయి. అక్కడ మారింది విత్తనమే.

మిర్యాలగూడ రైతు:
చదువుకున్నవారి లెక్కలను కాదనను, కాని జింకు లేని నేల ఎలా ఉంటుందో ఒకసారి మడిలో దిగి చూడాలి. నాటిన మూడు నాలుగు వారాలకు ముదురాకుల మీద, నడి ఈనెకు ఇరుపక్కలా ఇటుక రంగు మచ్చలు వస్తాయి. ఆకును వంచితే చప్పుడు చేస్తూ విరుగుతుంది. దుబ్బు కట్టదు, యూరియా చల్లినా పచ్చబడదు. మొదటి రెండేళ్లు నేను అది తెగులనుకుని మందులు కొట్టి డబ్బు పోగొట్టుకున్నాను. మట్టి పరీక్ష చేయించాక, ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేసి, భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీని తగ్గించాను, ఎందుకంటే భాస్వరం మోతాదు మించితే ఉన్న జింకు కూడా మొక్కకు అందదు. పైరు కోలుకుంది, దిగుబడి పెరిగింది. గింజలో జింకు పెరిగిందా అంటే నేను చెప్పలేను.

రాజేంద్రనగర్ సభ్యుడు:
అసలు చిక్కు అక్కడే ఉంది. వరిలో దుక్కిలో వేసిన జింకు దిగుబడిని నిలబెడుతుంది గాని గింజలోకి చేరేది స్వల్పం; పూత తరువాత ఆకుల మీద పిచికారీ చేస్తేనే గింజలో చెప్పుకోదగినంత పెరుగుతుంది. ఇనుము విషయంలో ఎరువుతో ఆ మాత్రం ఫలితం కూడా రాదు. అందుకే ఇక్కడి వరి పరిశోధన సంస్థ, జింకు ఎక్కువగా ఉండే డీఆర్ఆర్ ధాన్ 45 వంటి రకాలను తయారుచేసింది. విజయవాడ సోదరికి ఒక మాట: ఏ పద్ధతిలో పండించినా, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో ఇనుము చాలా తక్కువ, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం తవుడుతో పోతుంది. పాపకు వైద్యులు ఇచ్చిన మందు మానవద్దు. బియ్యానికి పెడుతున్న అదనపు సొమ్ముతో పప్పులు, ఆకుకూరలు, తినేవారైతే మాంసం కొనడం మేలు.

నంద్యాల సభ్యుడు:
విత్తనం సంగతి ఒప్పుకుంటున్నాను. పశువుల ఎరువు వేసిన మళ్లలోనూ తగ్గిందన్న విషయం నాకు ఇంతవరకు తెలియదు. అయినా ఒకటి అడుగుతాను. ఆ డీఆర్ఆర్ ధాన్ 45నే తీసుకెళ్లి, ఆకు ఇటుక రంగుకు తిరిగే మిర్యాలగూడ మడిలో మట్టి పరీక్ష లేకుండా నాటితే, అది గింజలోకి జింకును ఎక్కడి నుంచి తెస్తుంది?