వాసల్ అంటే సామంతుడేనా?

ప్రశ్న: రోమన్ల తర్వాత నేటి ఫ్రాన్సు, జర్మనీ ప్రాంతాలను ఏలిన ఫ్రాంకుల చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘వాసల్’ అంటే సామంతుడు అని బళ్లో చదువుకున్నాం. అదే వాడేయమంటారా? పెద్దలు చెప్పాలి.

జవాబు: పన్నెండో శతాబ్దపు ఫ్రాన్సు గురించైతే ఎలాగో సర్దుకోవచ్చండీ. ఎనిమిదో శతాబ్దపు ఫ్రాంకుల దగ్గర మాత్రం ఆ మాట కుదరదు. ఈ రెండు మాటలూ ఎదురెదురుగా నడిచాయి మరి. సంస్కృతంలో సామంతుడంటే మొదట పొరుగువాడు. అర్థశాస్త్రంలో కూడా సరిహద్దు అవతలి రాజే. కప్పం కట్టే చిన్నరాజు కావడం తర్వాతి సంగతి. వాసల్‌కు మూలమైన ‘వస్సుస్’ కెల్టిక్ భాషల నుంచి లాటిన్‌లోకి వచ్చింది. వెల్ష్‌లో ఈనాటికీ ‘గ్వాస్’ అంటే కుర్రాడు, పనివాడు. ఫ్రాంకుల సాలిక్ చట్టంలో వస్సుస్ కనిపించేది కమ్మరి, కంసాలి పనులు చేసే బానిసల వరసలోనే. కరోలింజియన్ల (షార్లమేన్ చక్రవర్తి వంశం) కాలానికి వచ్చేసరికి అదే పేరున్నవాడు గుర్రమెక్కి యుద్ధానికి వెళ్తున్నాడు, రాజు తరఫున పనులు చక్కబెడుతున్నాడు. పొరుగు రాజు కిందికి దిగితే పాలేరు పైకెక్కాడన్నమాట.

నన్నడిగితే ‘బంటు’ దగ్గరగా ఉంది. సేవకుడూ బంటే, వీరుడూ బంటే. రామబంటు అంటే ఎవరూ చిన్నచూపు చూడరు కదా.

వ్యాఖ్య: బంటు బాగుంది గానీ మాస్టారూ, జర్మనీ దక్షిణాన బవేరియాను ఏలిన డ్యూక్ తాసిలోను పట్టుకుని బంటు అంటే ఎట్లా? సొంత నేల, సొంత సైన్యం ఉన్నవాడు. ఆయన సామంతుడే కదా!

జవాబు: అసలు రాజకీయమంతా అక్కడే ఉందమ్మా. తాసిలో మామూలు మనిషి కాడు. ఫ్రాంకుల నాయకుడు చార్లెస్ మార్టెల్ కూతురి కొడుకు, మార్టెల్ కొడుకైన పెపిన్ రాజుకు మేనల్లుడు, పెపిన్ కొడుకైన షార్లమేన్‌కు మేనత్త కొడుకు. 757లో కాంపియేన్ సభలో ఈ కుర్ర డ్యూక్ పెపిన్ చేతుల్లో తన చేతులు పెట్టి ‘వాసల్‌రికం’లోకి వచ్చాడనీ, సెయింట్ డెనిస్, సెయింట్ మార్టిన్ వంటి పుణ్యపురుషుల అస్థికల మీద ప్రమాణాలు చేశాడనీ ఫ్రాంకుల రాజవృత్తాంతం చెబుతుంది. మనం ‘చేపట్టడం’ అంటామే, అక్కడ అది అక్షరాలా జరిగే తంతు. ఇద్దరి చేతులూ కలిశాయంటే పెద్దవాడు సాకాలి, చిన్నవాడు కొలవాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ వృత్తాంతం రాసింది 790 ప్రాంతంలో. అప్పటికి తాసిలో కథ ముగిసింది. 787లో మూడు వైపుల నుంచి సైన్యాలు కమ్ముకొస్తే ఆగ్స్‌బర్గ్ దగ్గర లేఖ్‌ఫెల్డ్‌లో షార్లమేన్‌కు లొంగిపోయాడు. మరుసటి ఏడు ఇంగెల్‌హైమ్‌లో విచారణ. ఎప్పుడో 763లో అక్విటేన్ (నేటి ఫ్రాన్సు నైరుతి ప్రాంతం) దండయాత్ర మధ్యలో పెపిన్‌ను వదిలి వెళ్లిపోయాడన్న నేరం పాతికేళ్ల తర్వాత పైకి తీశారు. దానికి వాళ్ల మాట ‘హరిస్లిజ్’, దండును విడిచి పారిపోవడం. మరణశిక్ష వేసి, దాన్ని మఠవాసంగా మార్చారు. అంతటితో వదల్లేదు. 794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభకు పిలిపించి, బవేరియా మీద తనకూ తన పిల్లలకూ ఏ హక్కూ లేదని మళ్లీ చెప్పించారు. చూడండి, ఆ సభ బిషప్పుల సభ. రాజు మాటకు చర్చి సాక్షి, శిక్ష పడ్డవాడికి చర్చే చెరసాల.

అందుకే 757 నాటి తంతు నిజంగా అంత వివరంగా జరిగిందా, విచారణ తర్వాత వెనక్కి వెళ్లి రాసుకున్నారా అని కొందరు చరిత్రకారులకు అనుమానం. నాకూ ఆ అనుమానమే సబబనిపిస్తుంది. పొరుగు పాలకుడు వదిలి వెళ్లిపోతే అలిగాడంటారు, బంటు వెళ్లిపోతే ద్రోహమంటారు. డ్యూక్‌కు ఆ పనివాడి మాట అంటగట్టడమే రాజు గెలుపు. మీరు ‘సామంతుడు’ అని రాస్తే ఆ అవమానం తెలుగులో ఆవిరైపోతుంది.

వ్యాఖ్య: మరి వాళ్లకిచ్చే భూమి? ‘బెనిఫికియుం’ను జాగీరు అనొచ్చా?

జవాబు: జాగీరు వద్దండీ, అది శిస్తు వసూలు హక్కు, పైగా నిజాం వాసన వస్తుంది. మాన్యం కొంత నయం. కానీ ఇక్కడ తమాషా ఏమిటంటే, ఫ్రాంకు సైనికులకు దొరికిన భూముల్లో చాలా భాగం దేవుడి మాన్యాలే. 743లో (744 అనేవారూ ఉన్నారు) ఎస్టిన్ సభలో పెపిన్ అన్న కార్లోమన్ యుద్ధాల పేరు చెప్పి చర్చి భూములు కొన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. అనుభవించేవాడు ఒక్కో కమతానికి ఏడాదికి ఒక సొలిడుస్, అంటే 12 దెనారీలు (వెండి నాణేలు), చర్చికి కట్టాలి. వాడు పోతే భూమి చర్చికి తిరిగి రావాలి. అయితే అవసరం పడితే రాజ్యమేలేవాడి ఆజ్ఞ మీద మళ్లీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆ ‘అయితే’తోనే భూములు చాలావరకు వెనక్కి రాలేదు. కాబట్టి వట్టి మాన్యం అని వదిలేయకుండా, ‘చర్చి భూమి మీద రాజు ఇప్పించిన అనుభవం’ అని ఒకసారి విడమరిచి చెప్పి, తర్వాత మాన్యం అని వాడుకోండి.

వ్యాఖ్య: చివరిగా ఒకటి. ప్రభువుకు ‘నేను మీ మనిషిని’ అని ఒప్పుకునే తంతు ‘హోమేజ్’కు ఏమంటారు? పాదాభివందనం అని ఒకచోట చూశాను.

జవాబు: రామరామ! హోమేజ్ అన్న రూపం ఫ్రాంకుల తర్వాతిది. అందులో ఉన్న ‘హోమో’, మనిషి, మాత్రం వాళ్లదే. మన ఊళ్లలో ‘వాడు ఫలానా వాళ్ల మనిషి’ అంటామే, సరిగ్గా అదే అర్థం. 847లో మెర్సెన్‌లో షార్లమేన్ మనవలు ముగ్గురూ కలిసినప్పుడు, స్వతంత్రుడైన ప్రతివాడూ రాజునో రాజు నమ్మినవాళ్లలో ఒకరినో తనకు నచ్చిన ప్రభువుగా ఎంచుకోవాలని వాళ్లలో ఒకడైన చార్లెస్ ద బాల్డ్ ప్రకటించాడు. ‘ఎవరి మనిషివో చెప్పుకో’ అని తెలుగు చేయండి, చక్కగా అమరుతుంది.