హెక్టారుకి 11 టన్నుల నత్రజనా? లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

హెబ్బాళ ఎమ్మెస్సీ: అన్నలూ అక్కలూ, పొద్దున్నుంచి ఇదే లెక్కతో కుస్తీ. మట్టి పరీక్ష షీట్‌లో మొత్తం నత్రజని 0.5 శాతం, సేంద్రియ కర్బనం 7 శాతం. 15 సెంటీమీటర్ల లోతుకి హెక్టారుకి 11,200 కిలోలు వస్తోంది! అయినా అక్కడి రైతులు నత్రజని ఎరువు వేస్తూనే ఉన్నారు. రేపు గైడ్‌కి చూపించాలి, పిచ్చెక్కుతోంది.

మిద్దెతోట మావయ్య: ముందు ఆ యూరియా మానమనండి. మా బనశంకరి మేడ మీద జీవామృతం తప్ప ఇంకోటి ముట్టం. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. మట్టిలో ప్రాణముంటే నత్రజని అదే కదులుతుంది.

గడ్డపార: ఏ మట్టి?

హెబ్బాళ ఎమ్మెస్సీ: అగ్నిపర్వతం బూడిద నుంచి వచ్చిన మట్టే కదన్నా. జపాన్, కాంతో మైదానం. అక్కడి ల్యాబ్ వాళ్ల షీట్ ఒక్కటే నా దగ్గరుంది.

గడ్డపార: "కదన్నా" ఏంటి, ఇప్పుడే చెప్తున్నావ్. బల్క్ డెన్సిటీ, అదే ఘన సెంటీమీటరుకి ఎన్ని గ్రాముల పొడి మట్టి అని, ఎంత వేశావ్?

హెబ్బాళ ఎమ్మెస్సీ: మామూలుదే. హెక్టారుకి 22.4 లక్షల కిలోల మట్టి.

గడ్డపార: అది సుమారు 1.5కి. ఆండిసాల్, అంటే నీ బూడిద మట్టి, మామూలుగా 0.9 లోపే. షీట్ చూడు.

కర్నూలు రేగడి: మన నల్లరేగడీ అగ్నిపర్వతం మట్టేగా? అందులో కర్బనం ఒక శాతం దొరికితే గొప్ప. ఈ 7 శాతం నేను నమ్మను.

మట్టిపరీక్ష అక్క: దక్కన్‌లో సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారింది లావా, అది బసాల్ట్ రాయైంది. దాన్నుంచి వచ్చిన రేగడిలో స్మెక్టైట్ అనే బంకమన్ను, అందుకే ఎండితే నెర్రెలిస్తుంది. నలుపు చూసి కర్బనం లెక్కగట్టకండి. బూడిద మట్టి కథ వేరు. అందులో అల్లోఫేన్ అనే ఖనిజం, అల్యూమినియం సేంద్రియ పదార్థాన్ని పట్టేసుకుంటాయి, సూక్ష్మజీవులకి అంత తేలిగ్గా అందనివ్వవు. కర్బనం పేరుకునేదీ, నత్రజని నెమ్మదిగా విడుదలయ్యేదీ అందుకే. తమ్ముడూ, నీ 0.5 శాతం మొత్తం నిల్వ. పంటకి ఒక సీజన్‌లో అందేది అందులో కొసరంత. ఫాస్ఫరస్‌నైతే ఆ మట్టి ఇంకా గట్టిగా బిగిస్తుంది. ఇంకోటి, ఇంక్యుబేషన్ (మట్టిని ల్యాబ్‌లో కొన్నాళ్లుంచి ఎంత నత్రజని విడుదలైందో కొలిచే పరీక్ష) అంకెలుంటే నమూనా ఆరబెట్టారా, తడిమీదే చేశారా అడుగు. అల్లోఫేన్ మట్టి ఒకసారి ఎండితే మళ్లీ మునుపటిలా అవదు. పైగా ఎండిన మట్టిని తడిపితే ఖనిజ నత్రజని, అంటే మొక్క తీసుకోగల రూపం, ఒక్కసారిగా ఎగుస్తుంది.

కర్నూలు రేగడి: బూడిదైనా లావా అయినా ఒక్క కడుపున పుట్టినవేగా మేడమ్.

మట్టిపరీక్ష అక్క: అన్నదమ్ములైతే మాత్రం గుణాలొకటేనా అండీ!

హెబ్బాళ ఎమ్మెస్సీ: షీట్ అడుగున 0.6 అని ఉంది. 9 లక్షల కిలోల మట్టి, 4,500 కిలోల నత్రజని. థ్యాంక్స్ అన్నా, అక్కా. ఆరబెట్టిన సంగతి రాయలేదు, మెయిల్ పెట్టా.

మిద్దెతోట మావయ్య: జీవామృతం కొలతలు కావాలంటే మెసేజ్ చెయ్యి నాన్నా.