కష్టంలో దేవుని ఉద్దేశం కనబడకపోతే అది అవిశ్వాసమా?

ఎండిన బావి (ప్రశ్న)

అందరికీ వందనాలు. రాయాలా వద్దా అని రెండు వారాలుగా ఆలోచిస్తున్నా. నా భార్యకి రెండు కిడ్నీలూ పాడై మూడేళ్లయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు, రానూపోనూ కలిపితే ఆ రోజు అయిపోయినట్టే. పగటిపూట వెసులుబాటు ఉంటుందని నేను ఉద్యోగం మారి తక్కువ జీతానికి చేరాను. అవన్నీ ఎలాగో నెట్టుకొస్తున్నాం, ప్రశ్న వాటి గురించి కాదు.

చర్చి సంఘంలో వాళ్లు ప్రేమగానే అంటారు, "దీని వెనక దేవుని ఉద్దేశం ఉంది బ్రదర్, మీ ఇంట గొప్ప సాక్ష్యం లేపుతాడు" అని. మొదటి ఏడాది నేనూ నమ్మి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా. ఈ వారం దేవుడు నాకు ఏం నేర్పాడు అని రాసుకోవడం. ఓర్పు, తగ్గింపు, డబ్బు మీద ఆశ తగ్గడం, ఇలాంటివి. ఒకరోజు రాస్తూ రాస్తూ ఆగిపోయాను. ఓర్పు నేర్చుకోవాల్సింది నేనైతే సూదులు ఆమె చేతికెందుకు? నాకు బుద్ధి చెప్పడానికి ఇంకొకరి ఒంటిని వాడుకుంటాడా ఆయన? ఆ రోజు నుంచి నోట్‌బుక్ ముట్టలేదు. ప్రార్థన మానలేదు, కానీ అలవాటు కొద్దీ పెదాలు కదులుతున్నాయంతే. ఉద్దేశం కనబడకపోవడం నా అవిశ్వాసమేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాత విశ్వాసి

బ్రదర్, దిగులుపడకండి, ఇది శోధన కాలం. దేవుని ప్రేమించేవాళ్లకి మేలు కలగడానికే సమస్తమూ సమకూడి జరుగుతాయని రోమా 8:28 చెప్పలేదా? అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లులాంటి బాధని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, కానీ హెచ్చిపోకుండా ఉండడానికే అది వచ్చిందని ఆయనకి అర్థమైంది. యోసేపు చూడండి, 17 ఏళ్ల వయసులో అన్నలు బానిసగా అమ్మేస్తే, చెరసాల దాటి ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30. అంటే 13 ఏళ్లు. మీవి మూడే. ఉపవాసం ఉండి పట్టుదలగా అడగండి, బయలుపరుస్తాడు.

వెనక బెంచీ

పెద్దవారు, మీ మీద గౌరవంతోనే అంటున్నా, "మీవి మూడే" అనే మాట వద్దండి. ఆ మూడేళ్లు లెక్కపెట్టేది వాళ్లు.

ఇక యోసేపు. "మీరు కీడు చేయబోయారు, దేవుడు దాన్ని మేలు చేశాడు" అని ఆయన అన్నది ఆదికాండము 50లో, అంతా అయిపోయి, తండ్రిని కూడా పాతిపెట్టి వచ్చాక. చెరసాలలో ఉన్నప్పుడు ఏమన్నాడో 40వ అధ్యాయంలో ఉంది. ఫరో దగ్గర నా మాట చెప్పి ఈ ఇంట్లోంచి నన్ను బయటికి తీయించు, ఇక్కడ వేయడానికి నేనేమీ చేయలేదు అని ఒక తోటి ఖైదీని బతిమాలుకున్నాడు. దాన్ని అవిశ్వాసం అని ఎవరైనా అన్నారా? లోపలున్న మనిషి బయటికొచ్చాక మాట్లాడినట్టు మాట్లాడాలని మనం ఎందుకు పట్టుబడతామో నాకు అర్థం కాదు.

రోమా 8:28 గురించి కూడా ఒక మాట, ఎందుకంటే నా కొడుకు పోయినప్పుడు ఈ వచనం నాకు కనీసం ఇరవై మంది చెప్పి ఉంటారు. 22 నుంచి చదివితే సృష్టి అంతా మూలుగుతోంది, మనమూ మూలుగుతున్నాం, చివరికి ఆత్మ కూడా ఉచ్చరింప శక్యంకాని మూలుగులతో మన పక్షాన వేడుకుంటోంది. ఆ మూలుగులన్నీ దాటాకే 28 వస్తుంది. "మేలు" అంటే ఏమిటో 29లో ఉంది, ఆయన కుమారుని పోలికలోకి మారడం. ఆరోగ్యమనీ, ఉద్యోగమనీ, వేదిక మీద చెప్పుకోదగ్గ ముగింపనీ అక్కడ లేదు. అన్నీ మంచివే అని కూడా లేదు.

ఏ తప్పూ చేయకుండానే పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు సంగతి సరే, అందరికీ తెలిసిందే. కానీ ఒకటి గమనించండి, మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో దేవునికీ సాతానుకీ జరిగిన సంభాషణ చదివే మనకి తెలుసు, యోబుకి చివరిదాకా ఎవరూ చెప్పలేదు. 38లో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడాడు, కారణం మాత్రం చెప్పలేదు. తీరా 42లో ఆయన కోపం ఎవరి మీద? కారణాలు వివరించిన స్నేహితుల మీద. అరిచిన యోబు మీద కాదు. వాళ్లు చేసిన ఒకే ఒక మంచి పని మొదట్లో ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చోవడం.

మంచం పక్క కిటికీ

నేను ఇంకో వైపు నుంచి రాస్తున్నా అన్నయ్యా, మీ భార్య ఉన్న వైపు నుంచి. వెన్నెముక దెబ్బతిని ఎనిమిదేళ్లుగా నాకు నడుం కింద స్పర్శ లేదు. ఒకసారి మా ఆయన సంఘంలో లేచి "నా భార్య జబ్బు వల్ల నేను దేవునికి దగ్గరయ్యాను" అని సాక్ష్యం చెప్పారు. అందరూ స్తోత్రం అన్నారు. నేను అక్కడే చక్రాల కుర్చీలో ఉన్నా. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే మారారు. కానీ నేను ఆయన చదువుకున్న పాఠం అయిపోయినట్టు అనిపించింది, ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. మీ చెయ్యి ఆగిపోయిందన్నారే, అది చదివి ఏడ్చాను. అవిశ్వాసం వల్ల ఆగలేదు అన్నయ్యా, ఆమె మీద ప్రేమ వల్ల ఆగింది.

యోహాను 9లో పుట్టు గుడ్డివాడి కథ నాకు అందుకే ఇష్టం. అతను అక్కడే ఉండగా శిష్యులు పాపం ఎవరిది, ఇతనిదా, కన్నవాళ్లదా అని చర్చ పెట్టారు. యేసు ఎవరిదీ కాదని, దేవుని క్రియలు ఇతనియందు ప్రత్యక్షపరచబడడానికే అని చెప్పి, వెంటనే బురద చేసి అతని కళ్లకి పూశాడు. ఆ తర్వాత అతన్ని వెలివేశారని విని మళ్లీ వెతుక్కుంటూ వచ్చాడు. చర్చలో ఉదాహరణగా మిగిలిపోవాల్సిన మనిషిని మనిషిగా పట్టించుకున్నట్టు.

నాకు దొరికిన ఉద్దేశం ఏమైనా ఉందంటే చాలా చిన్నది. కొత్తగా ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లు ఫోన్ చేస్తే అబద్ధం చెప్పకుండా మాట్లాడగలను. 2 కొరింథీయులకు 1:4లో ఉన్నదే, మనకి దొరికిన ఆదరణతో ఇంకొకరిని ఆదరించడం. దీనికోసమే దేవుడు నా వెన్ను విరిచాడని మాత్రం నేను అనను, ఎవరన్నా ఒప్పుకోను.

ఒకటి అడుగుతా. ఇదంతా ఆమెతో మాట్లాడారా?

పాత విశ్వాసి

"మీవి మూడే" అని తొందరపడి అన్నాను, క్షమించండి బ్రదర్. దేవుడు బయలుపరుస్తాడనే నమ్మకం మాత్రం నాకు పోలేదు, అది ఈ లోకంలోనే జరుగుతుందో లేదో నేను చెప్పలేను.

ఎండిన బావి

పర్వాలేదండి, మీరు ప్రేమతోనే అన్నారు.

అక్కా, మాట్లాడలేదు. మీరు అడిగాకే తెలిసింది, మూడేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదని. నిన్న డయాలసిస్ నడుస్తుండగా నోట్‌బుక్ సంగతి చెప్పేశా. నవ్వింది. "అయితే నేను నీ హోమ్‌వర్కా?" అంది. తర్వాత కాసేపాగి, ఉద్దేశం గురించి తను ఎప్పుడో ఆలోచించడం మానేశానని, మెషీన్ ఆన్ చేశాక మొదటి పావుగంట భయంగా ఉంటుందని, ఆ పావుగంట నేను ఫోన్ చూసుకోకుండా ఉంటే చాలని చెప్పింది. నేను ఫోన్‌లో చూసేది ఎక్కువగా వాక్య సందేశాలే, అదీ విడ్డూరం.

కీర్తన ఏదైనా చదవనా అంటే 88 చదవమంది. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది కదా, చివర స్తోత్రం కూడా ఉండదు. ఇదెందుకు అని అడిగితే, "నాలాంటివాళ్లు రాసింది కూడా బైబిల్లో ఉంచారు కదా, అందుకు" అంది. ఎల్లుండి మళ్లీ వెళ్లాలి.